ఈ కోపు ఎక్కడ ఆగుతుంది?



కనుమ నాడు అహోబిలంలో జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఒకే పల్లకిలో పారువేటకు బయలుదేరుతారు. బాచేపల్లెతో మొదలై, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల 30కి పైగా పల్లెల్లో, 40 రోజులకు పైగా స్వామి తిరుగుతాడు. ఏ ఊరికి స్వామి వస్తే ఆ ఊరికి ఆ రోజే పెద్ద పండుగ. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. తెలుపు అని పిలిచే అరుగు మీద స్వామి కొలువుంటాడు. ఆ తెలుపు ముందర రాత్రి పొద్దుపోయేదాకా చెక్కభజనలు, కోలాటాలు సాగుతాయి. అందుకని పండుగ ఇంకా దూరంగా ఉండగానే ఊరూరా రామాలయం ముందు సాధన మొదలవుతుంది. వంటలు ముగించుకుని, పిల్లలకు అన్నాలు పెట్టి, కోలలు చేతబట్టుకుని వస్తారు ఆడవాళ్ళు. ఒకప్పుడు ఈ ఆట మగవాళ్ళ చేతుల్లో ఎక్కువగా ఉండేది. ఇప్పుడు నంద్యాలలో చూసినా, ఆళ్ళగడ్డలో చూసినా, కోలాటం దళమంటే ఒకే రంగు చీరలు కట్టిన ఆడవాళ్ళ దళమే.

ఈ పూట నేను మాట్లాడబోయేది వాళ్ళు పాడే పాట గురించి కాదు. పాటల గురించి చాలామంది మాట్లాడారు, సేకరించారు, అచ్చువేశారు. ఆచార్య బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పరిశోధన దగ్గర నుంచి ఈనాటి దాకా ఆ పని బాగానే జరిగింది. మన రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోవెలకుంట్లలో ఉరితీస్తే, ఆయన కథ పాటగా జనం నోళ్ళలో నిలిచింది. ఆ పాటలనూ సేకరించిన వాళ్ళున్నారు. కానీ ఆ పాట ఎత్తుకున్నప్పుడు కాళ్ళు ఎటు నడిచాయి, ఎవరు ఎవరిని దాటారు, ఎవరి కోల ఎవరి కోలకు తగిలింది అన్నది మాత్రం కాగితం మీదికి రాలేదు. పాట ఉంది, కోపు పోయింది. నా బాధ అదే.

కోపు అంటే ఏమిటో ఆడేవాళ్ళకు చెప్పక్కర్లేదు. చూసేవాళ్ళ కోసం రెండు మాటలు. కోలాటంలో ప్రతి మనిషికీ ఎదురుగా ఒక జత మనిషి ఉంటుంది. ఆ జతను ఉద్ది అంటారు. దళంలో సగం మంది వెలుపలి ఉద్ది, సగం మంది లోపలి ఉద్ది. వెలుపలి వాళ్ళు లోపలికి తిరిగి, లోపలి వాళ్ళు బయటికి తిరిగి, ఎదురెదురుగా నిలబడతారు. తాళానికి కోలలు కొడుతూ, దాటుతూ, తిరుగుతూ, ఒక ఉద్దిని వదిలి ఇంకో ఉద్దిని అందుకుంటూ పోయే ఆ నడక మొత్తాన్ని కోపు అంటారు. పాట పల్లవి ఒకసారి పూర్తయ్యేలోగా కోపు ఒక చుట్టు పూర్తవుతుంది. మళ్ళీ పల్లవి, మళ్ళీ అదే కోపు, కొత్త ఉద్దితో.

ఇక అసలు సంగతి. ఒక కోపును చూసి ఇది ఫలానా కోపు అని గుర్తుపట్టడం ఎలా?

చాలామంది పాటను బట్టి గుర్తుపడతారు. ఏ పాటకు నేర్పితే ఆ పాట మొదటి మాటే కోపు పేరు. ఇందులో చిక్కేమిటంటే, ఆళ్ళగడ్డ వైపు ఒక దళం నరసింహస్వామి పాటకు ఆడే నడకనే, నంద్యాల వైపు ఇంకో దళం మహానందీశ్వరుడి పాటకు ఆడుతూ ఉండవచ్చు. రెండు పేర్లు, ఒకటే కోపు. దీనికి విరుద్ధంగా, ఒకే పాటకు రెండు ఊళ్ళ వాళ్ళు పూర్తిగా వేరే నడకలు నడవడమూ ఉంది. గురువు మారితే కోపు మారుతుంది, పాట మారదు. కాబట్టి పాట పట్టుకుని వెళితే కోపు చేతికి చిక్కదు. చీరల రంగు, తలమీద చెంబు, చేతిలో దీపం, ఇవన్నీ చూడటానికి బాగుంటాయి గానీ కోపును గుర్తుపట్టడానికి పనికిరావు.

చూడాల్సింది నేల మీద. ఏ మనిషి ఎక్కడ మొదలై, ఎవరి పక్కగా దాటి, ఒక చుట్టు అయ్యేసరికి ఎక్కడ తేలింది? అక్కడ ఎదురుగా ఎవరున్నారు? ఈ సంగతులు తెలిస్తే కోపు తెలిసినట్టే. నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను, అది చాలా ఉపయోగపడింది. నీ మొదటి ఉద్ది ఎన్నో మార్పుకు మళ్ళీ నీ ఎదుటికి వచ్చింది?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. పదహారు మంది దళం తీసుకోండి, అంటే ఎనిమిది జతలు. ప్రతి చుట్టుకూ వెలుపలి వాళ్ళు మాత్రమే ఒక స్థానం జరిగి, లోపలి వాళ్ళు కదలకుండా ఉంటే, ఎనిమిదో మార్పుకు మొదటి ఉద్ది వస్తుంది. ఈలోగా లోపలున్న ఎనిమిది మందితోనూ కోలలు కలుస్తాయి. అదే, వెలుపలి వాళ్ళు ఒకటి ఇటు, లోపలి వాళ్ళు ఒకటి అటు జరిగితే? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. రెండోది ఇంకాస్త ఉరవడిగా, అందంగా కూడా కనిపిస్తుంది. కానీ నాలుగో మార్పుకే మొదటి ఉద్ది వచ్చేస్తుంది. ఎదుటి ఎనిమిది మందిలో నలుగురితోనే ఆడినట్టు, తక్కిన నలుగురితో ఆ రాత్రంతా కోల కలవనే కలవదు. ఇంకో జతను చేర్చి తొమ్మిది జతలతో అదే కోపు ఆడించండి. ఇప్పుడు తొమ్మిదో మార్పుకు గానీ మొదటి ఉద్ది రాదు, మధ్యలో అందరూ అందరినీ కలుస్తారు. దరువు మారలేదు, అడుగు మారలేదు. మనిషిని చూసుకుంటూ లెక్కపెట్టిన వాళ్ళకే ఈ తేడా దొరుకుతుంది. గట్టు మీద కూర్చుని ఆటంతా ఒక్కసారిగా చూస్తే దొరకదు. ఒకే మనిషి మీద చూపు నిలపాలి.

పాతకాలంలో దీన్ని ఎవరైనా రాసిపెట్టారా అని వెతికితే, కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దం నడుమ రాసిన నృత్తరత్నావళి కనిపిస్తుంది. ఎనిమిది అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగూ మార్గ పద్ధతి, తరువాతి నాలుగూ దేశి పద్ధతి. శాస్త్రం తెలిసినవాడు దేశి ఆటలకు సగం పుస్తకం ఇవ్వడం మామూలు సంగతి కాదు. దాన్ని తెలుగు చేసింది మన సీమ మనిషి, అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ. ఆ గ్రంథాన్నీ, రామప్ప గుడి శిల్పాలనూ ముందు పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి ముందు ఆ నృత్యం జరిగింది. పోయిన నడకను పుస్తకం నుంచీ రాతి నుంచీ తిరిగి తేవచ్చని మన కళ్ళముందే రుజువైంది. ఆ రుజువు మన పల్లె ఆటలకు ఎందుకు అందలేదని నాకు బెంగ.

రాయి గురించి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్, అక్కడ ఆడవాళ్ళు నాట్యం నేర్చుకునే ఒక శాల గురించి రాశాడు. ఆ శాల గోడల్లో నాట్య భంగిమలు చెక్కి ఉన్నాయట. ఒక్కో ఆట చివర ఎలా నిలబడాలో ఆ శిల్పం చూపిస్తుందట. నేర్చుకునే పిల్ల ఆట ముగింపులో ఎలా నిలవాలో మరిచిపోతే ఆ పలక వైపు చూసుకుని గుర్తు తెచ్చుకుంటుందట. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. ఆటంతా చెక్కాల్సిన పని లేదు, ఎక్కడ ఆగాలో చెక్కితే చాలు, తక్కినదాన్ని ఒళ్ళే వెనక్కి వెతుక్కుంటుందని ఆ గురువులకు తెలుసు. హంపి మహానవమి దిబ్బ మీద కోలలు పట్టి ఆడే ఆడవాళ్ళ బొమ్మలు నేటికీ ఉన్నాయి. పట్టిన కోల ఉంది, వంగిన నడుము ఉంది. కానీ ఆ పక్కనున్న మనిషి తరువాతి దరువుకు ఎటు పోయిందో రాయి చెప్పదు. ఒక మనిషి భంగిమను రాయి పట్టుకోగలదు. జతల మార్పును పట్టుకోవాలంటే రాత కావాలి.

ఆ రాత పని ఇంగ్లండులో 1651లోనే జరిగింది. జాన్ ప్లేఫోర్డ్ అనే ఆయన వంద పైచిలుకు పల్లె ఆటలను, వాటి బాణీలతో సహా ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. మగవాళ్ళు ఒక వరస, ఆడవాళ్ళు ఒక వరస, ఎదురెదురుగా నిలబడి ఆడే ఆటలు అందులో ఉన్నాయి. ఎవరు ఎవరితో స్థానం మార్చుకోవాలి, ఎవరి వెనుకగా పోవాలి అన్నది క్లుప్తంగా రాశాడు. అడుగు ఎలా వేయాలో అంతగా రాయలేదు. రెండున్నర శతాబ్దాల తరువాత సెసిల్ షార్ప్ ఆ పుస్తకం పట్టుకుని కూర్చుని, ఆ క్లుప్త వాక్యాల్లోంచి ఆటలను తిరిగి కట్టాడు. 1911లో ఆ ఫలితం అచ్చయింది. ఆయన కట్టినదాంట్లో ఇది సరి కాదు, అది సరి కాదు అని తరువాతి వాళ్ళు వాదించారు, ఇప్పటికీ వాదిస్తున్నారు. వాదించడానికి చేతిలో ఒక పుస్తకం ఉంది వాళ్ళకు. మనకు వాదించడానికి కూడా ఏమీ లేదు.

ఆ పల్లె ఆటల వంశంలోదే అమెరికాలో, ముఖ్యంగా న్యూ ఇంగ్లండు వైపు, నేటికీ ఆడే కాంట్రా డాన్స్. దాని గురించి తెలుసుకుంటే కోలాటం ఎరిగిన ఎవరికైనా సొంత ఊరు కనిపించినట్టే ఉంటుంది. రెండు పొడుగాటి వరసలు. రెండేసి జతలు ఒక జట్టు. వాయిద్యం 64 అడుగుల పాటు ఒక చుట్టు వాయించేసరికి ప్రతి జతా ఒక స్థానం జరిగి కొత్త జతను కలుస్తుంది. వరస చివరకు వచ్చిన జత ఒక చుట్టు ఊరక నిలబడి, తరువాతి చుట్టుకు ఎదురు దిక్కుగా లోపలికి వస్తుంది. ఒకాయన మైకు ముందు నిలబడి మొదటి కొన్ని చుట్లూ ఏం చేయాలో ముందుగానే పలుకుతాడు. అందరికీ ఒంటబట్టాక ఆయన గొంతు ఆపేస్తాడు, వాయిద్యం ఒక్కటే నడుస్తుంది. మన కోలాట పంతులు చేసే పనే. మన పంతులు చేతిలో విజిల్ ఉంటుంది, అంతే తేడా.

వాళ్ళ దగ్గర నేర్చుకోదగినదని నేను అనుకునేది ఒకటుంది. ఎవరైనా కొత్త ఆట కడితే, అదే కదలికల వరసతో ఇంతకు ముందు ఎవరైనా కట్టారా అని ముందు వెతుకుతారు. దొరికితే, ఇది ఫలానా వారి ఆట అని ఒప్పుకుంటారు. ఒక్క కదలిక తేడా ఉంటే ఫలానా ఆటకు ఇది మార్పు అని చెబుతారు. కట్టినవారి పేరు ఆట వెంట పోతుంది. మన కోలాటంలో కోపు కట్టిన గురువు పేరు దళం దాటి పోదు. ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు వెళ్ళి, నెలల తరబడి ఉండి, గజ్జెపూజ దాకా నేర్పి వచ్చిన గురువుల పేర్లు వాళ్ళ శిష్యురాళ్ళ నోళ్ళలో తప్ప ఇంకెక్కడా లేవు. ఇది అన్యాయమని గట్టిగానే అంటాను.

గుర్తుపట్టడం అలా ఉంచి, కోపును దిద్దుకోవడం దగ్గరికి వద్దాం. దీనికి ఒకే ఒక్క ఉదాహరణను కాస్త విప్పి చెబుతాను.

ఆళ్ళగడ్డ దగ్గరి ఒక పల్లెలో పదహారు మంది ఆడవాళ్ళు సాధన చేస్తున్నారు. పల్లవికి 32 దరువులు. మొదటి ఎనిమిది దరువులు ఉద్దితో కోలలు కొట్టడం. తమ కోలలు ఒకసారి, ఎదుటి మనిషి కుడికోల ఒకసారి, మళ్ళీ తమవి, తరువాత ఎడమకోల. ఇలా రెండుసార్లు. తరువాతి ఎనిమిది దరువులకు ఉద్దులు ఒకరినొకరు దాటి స్థానాలు మార్చుకోవాలి. వెలుపల ఉన్న మనిషి లోపలికి, లోపలి మనిషి వెలుపలికి. మళ్ళీ ఎనిమిది దరువులు కోలలు. చివరి ఎనిమిదికి అందరూ తమ తమ ఎడమకు ఒక స్థానం జరిగి కొత్త ఉద్దిని అందుకోవాలి. చెప్పడానికి తేలిక, చూడ్డానికి అందం. గురువు కూడా తృప్తిగానే ఉన్నాడు. ఒక పెద్దామె మాత్రం ఆగి అడిగింది. “ఏం గురువుగారూ, నేను వచ్చినప్పటి నుంచీ ఈ ఇద్దరితోనే ఆడుతున్నా. తక్కినోళ్ళు నాకు కనపడరా?”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకో చూడండి. వెలుపల నిలబడి లోపలికి తిరిగిన మనిషికి ఎడమ అంటే ప్రదక్షిణ దిక్కు. లోపల నిలబడి బయటికి తిరిగిన మనిషికి ఎడమ అంటే అప్రదక్షిణ దిక్కు. ప్రతి చుట్టుకూ లోపలి వాళ్ళు వెలుపలికీ వెలుపలి వాళ్ళు లోపలికీ మారిపోతున్నారు కదా. అందువల్ల ఈ చుట్టులో ఒక స్థానం ప్రదక్షిణగా పోయిన మనిషి, వచ్చే చుట్టులో ఒక స్థానం వెనక్కి వచ్చేస్తుంది. రెండో మార్పుకు మొదటి ఉద్దే, మొదటి చోటే. రాత్రంతా ఆడినా ఇద్దరే ఇద్దరు. దళం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఎక్కడిది అక్కడే ఉంటుంది.

గురువు కాగితం తీయలేదు. ఒక జడలోంచి ఎర్ర రిబ్బను ఇప్పించి, మొదట వెలుపల నిలబడిన ఒకామె మణికట్టుకు కట్టాడు. ఆమెనే చూస్తూ రెండు చుట్లు ఆడించాడు. ముగ్గుపిండితో నేల మీద ఆమె మొదలైన చోటా, ఆగిన చోటల్లా ఒక గీత పెట్టాడు. రెండు గీతలే పడ్డాయి. సంగతి అర్థమైంది. తరువాత వెలుపల నిలబడ్డ ఎనిమిది మందికీ రిబ్బన్లు కట్టించి, “ఇక జరిగేది మీరే. లోపల ఉన్నా వెలుపల ఉన్నా మీరు ప్రదక్షిణగానే పోవాల. తక్కినోళ్ళు దాటడమే, జరగడం లేదు” అన్నాడు. ఈ ఒక్క మార్పుతో లెక్క కుదిరింది. రిబ్బను కట్టిన ప్రతి మనిషీ ఎదుటి ఎనిమిది మందినీ కలిసి, ఎనిమిదో మార్పుకు తన చోటికి, తన ఉద్ది ఎదుటికి వచ్చి చేరుతుంది.

అయినా కోపు ఇంకా నున్నగా లేదు. ఒక చుట్టు హాయిగా జారేది, తరువాతి చుట్టు ఎక్కడో తట్టుకునేది. ఇది లెక్కతో వచ్చిన తప్పు కాదు, ఒంటితో వచ్చింది. ఉద్దిని కుడి భుజం పక్కగా దాటి, ఆమె వైపే చూపు పెట్టుకుని తిరిగితే, ఒంటి ఊపు మనిషిని ఎడమకు తీసుకుపోతుంది. అక్కడి నుంచి ఎడమకు జరగమంటే ఆ ఊపులోనే జరిగిపోవచ్చు. కుడికి జరగమంటే మాత్రం ఊపును ఆపి, కాలు నిలదొక్కుకుని, ఎదురు దిక్కుగా తోసుకోవాలి. ఆ ఆపడంలో ఒక దరువు పోతుంది. ప్రదక్షిణగా పోవాలంటే వెలుపల ఉన్నప్పుడు ఎడమకు, లోపల ఉన్నప్పుడు కుడికి జరగాలి. కాబట్టి దాటే భుజం కూడా మారాలి. రిబ్బను కట్టినవాళ్ళు లోపలికి పోయేటప్పుడు ఎడమ భుజం పక్కగా దాటాలి, వెలుపలికి వచ్చేటప్పుడు కుడి భుజం పక్కగా దాటాలి. అంతకు ముందు కొట్టే ఆఖరి దెబ్బ కూడా ఆ పక్క కోలదే అయితే భుజం దానంతట అదే ముందుకు వస్తుంది. ఈ రెండూ దిద్దాక కోపు పూర్తిగా జారింది. పదహారు జతల గజ్జెలు ఒకే దెబ్బకు మోగాయి. అడిగిన పెద్దామె ఎనిమిదో మార్పుకు తన మొదటి ఉద్దిని చూసి, “వచ్చినావా తల్లీ” అని నవ్వింది.

ఈ దిద్దుబాటులో నాకు నచ్చింది ఏమిటంటే, గురువు కొత్త హంగు ఒక్కటీ చేర్చలేదు. ఈమధ్య కోపును బాగుచేయడమంటే ఇంకో గిరికీ చేర్చడం, ఇంకో వంగడం చేర్చడం, తలమీద ఇంకో వస్తువు పెట్టడం అనుకుంటున్నారు. పోటీల్లో బహుమతులు కూడా అలాంటివాటికే వస్తున్నాయి. గిరికీలు చేరిన కొద్దీ ఉద్ది మీద చూపు తగ్గుతుంది. కోలాటంలో కంటికి కన్ను కలవకపోతే కోలకు కోల ఎలా కలుస్తుంది? ముందు ఉద్ది, తరువాత దారి, ఆ తరువాతే హంగు. నా అభిప్రాయం ఇది. దీన్ని కాదనే గురువులు ఉంటారు, వాళ్ళతో మాట్లాడటం నాకిష్టమే.

చెక్కభజనలో కూడా ఇదే విచారణ అవసరం. మన సీమ ఆట అది. చేతుల్లో చెక్కలు, వాటిలో బిళ్ళలు, కాళ్ళకు గజ్జెలు. గుండ్రంగానూ ఆడతారు, రెండు వరసలు ఎదురెదురుగానూ ఆడతారు. వరసల్లో ఆడేటప్పుడు కొసన ఉన్న మనిషి సంగతే చిక్కు. గుండ్రానికి కొస లేదు, వరసకు ఉంది. అందరూ ఒక స్థానం జరిగితే కొసన ఒకడు మిగిలిపోతాడు. వాణ్ణి ఊరక నిలబెట్టాలా, వెనుకగా పరుగెత్తించి రెండో కొసకు పంపాలా, ఎదుటి వరసలోకి మార్చాలా? కాంట్రా డాన్స్ వాళ్ళు ఒక చుట్టు నిలబెడతారని చెప్పాను కదా. మన చెక్కభజన గురువుల్లో కొందరు కొసమనిషిని అక్కడికక్కడే తిప్పి ఎదుటి వరసలో కలుపుతారు. చెక్కల మోత ఆగదు. ఇది మెరుగైన పద్ధతని నేననుకుంటాను. ఒక్క క్షణం కూడా ఎవరూ ఆట బయట ఉండరు.

జడకోలాటం గురించి ఒక్క మాటతో సరిపెడతాను. పైనుంచి వేలాడే రంగు తాళ్ళు పట్టుకుని అల్లుకుపోయే ఆ ఆటలో కోపు తప్పితే దాచడానికి కుదరదు. తాడే సాక్ష్యం. అల్లిన దారినే వెనక్కి నడిస్తే జడ విడిపోతుంది, ఒక్క మనిషి తప్పు పక్కగా దాటినా ముడి పడుతుంది. అందుకే జడకోపు ఊరూరా ఇంచుమించు ఒకేలా నిలిచిందని నాకు తోస్తుంది. మామూలు కోపుకు తాడు లేదు. అది తప్పినా ఎవరికీ తెలియకుండా మారిపోతుంది, మారిన రూపమే అసలుదని తరువాతి వాళ్ళు నేర్చుకుంటారు.

ఇంకో పెద్ద మార్పు వచ్చింది, దాన్ని చెప్పకుండా ఉండలేను. పాట ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోంది. హార్మోనియం, డోలక్, పాడే గొంతు ఎదురుగా ఉన్నప్పుడు, దళం తడబడితే పంతులు పల్లవిని ఇంకోసారి తిప్పించేవాడు. దళం వేడెక్కితే కాలం పెంచేవాడు. అందరూ మొదటి ఉద్ది దగ్గరికి వచ్చేదాకా పాట నడిచేది. రికార్డు పాట అయిదారు నిమిషాలకు ఆగిపోతుంది. మూడో మార్పులోనో, అయిదో మార్పులోనో ఉన్న దళం అక్కడికక్కడ తెగిపోతుంది. మనిషి తన ఇంటికి చేరకుండానే చేతులెత్తి దండం పెట్టేస్తుంది. ఎనిమిది మార్పుల కోపును ఎనిమిది మార్పులూ ఆడించని పాటకు ఆడించడం నాకు సమ్మతం కాదు. రికార్డు పాటే కావాలంటే పల్లవులు లెక్కపెట్టుకుని, దళంలో ఎన్ని జతలు ఉంటే సరిగ్గా ముగుస్తుందో ముందే చూసుకోవాలి. ఆరు పల్లవుల పాటకు ఆరు జతలు. పన్నెండు మందితో పూర్తిగా ముగిసే కోపు పదహారు మందితో మధ్యలో తెగే కోపు కన్నా మేలు.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా కేంద్రమైంది. ఇటు మహానంది, అటు యాగంటి, కింద అహోబిలం, ఇన్ని తిరునాళ్ళు జరిగే జిల్లా. ప్రతి తిరునాళ్ళలోనూ డజన్ల కొద్దీ ఫోన్లు ఈ ఆటను వీడియో తీస్తాయి. ఆ వీడియోల్లో పాట వినిపిస్తుంది, ముందున్న నలుగురు కనిపిస్తారు. కోపు కనిపించదు. కోపు కనిపించాలంటే మిద్దె ఎక్కి పైనుంచి తీయాలి, ఒక చుట్టు మొదలైన దగ్గర నుంచి మొదటి ఉద్ది తిరిగి వచ్చేదాకా ఆపకుండా తీయాలి. మీ ఇంటి మిద్దె మీద నుంచి తెలుపు కనబడుతుంటే ఈసారి పారువేటకు ఆ పని మీరే చేయవచ్చు.

రాయగలిగిన వాళ్ళు ఒక నోటుపుస్తకం పెట్టండి. కోపుకు ఒక పుట. ఎన్ని జతలు, గుండ్రమా వరసలా, పల్లవికి ఎన్ని దరువులు. ఎనిమిదేసి దరువులకు ఒక్కో వాక్యం: ఎవరు కదిలారు, ఏ భుజం పక్కగా దాటారు, ఆఖరి దెబ్బ ఏ కోలది, ఎక్కడ ఆగారు. మొదటి ఉద్ది ఎన్నో మార్పుకు వచ్చింది. కింద గురువు పేరు, ఆయనకు నేర్పిన గురువు పేరు, ఏ ఊళ్ళో నేర్చుకున్నారో ఆ ఊరి పేరు. ఆయన ఇంకొకరి కోపును దిద్ది ఉంటే ఏది దిద్దారో కూడా రాయండి. బాచేపల్లె నుంచి రుద్రవరం దాకా, పడకండ్ల నుంచి నంద్యాల దాకా ఊరికి ఒక్క పుట వచ్చినా, ఏ రెండు ఊళ్ళు ఒకే కోపు ఆడుతున్నాయో, ఏ ఊళ్ళో ఏ గురువు దాన్ని ఎటు తిప్పారో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. కనుమకు ముందే సాధనలు మొదలవుతాయి కాబట్టి, రాసుకోవడానికి తీరుబాటుగా దొరికేది సాధన రోజుల్లోనే. తెలుపు ముందు ఆ రాత్రి ఆడేవాళ్ళకూ తీరిక ఉండదు, చూసేవాళ్ళకూ ఉండదు.